టీంలో సగం మంది ఆర్డర్ పెట్టడం లేదు, నేను లీడర్‌గా పనికిరానా?

ప్రశ్న: అక్కా, మాది మిర్యాలగూడ. ప్రైవేటు స్కూల్లో టీచర్‌గా చేసేదాన్ని. రెండేళ్ల కిందట ఒక డైరెక్ట్ సెల్లింగ్ కంపెనీలో ఐడీ తీసుకుని సభ్యురాలిగా చేరాను. సబ్బులు, డిటర్జెంట్, షాంపూ, ప్రొటీన్ పౌడర్ లాంటివి అమ్ముతాం. మిర్యాలగూడ, దామరచర్ల, దేవరకొండ వైపు కలిపి నా కింద 40 మంది ఉన్నారు. మొదట్లో అందరూ హుషారుగా చేశారు. ఇప్పుడు సగం మంది ఆర్డర్ పెట్టడం లేదు. ఇద్దరైతే నా ఫోనే ఎత్తడం లేదు. మా అప్‌లైన్ సార్, అంటే టీంలో నా పైన ఉన్నాయన, ‘నువ్వు లీడర్‌వి, మోటివేట్ చెయ్యాలి, నెలకు ఐదుగురు కొత్తవాళ్లను చేర్చాలి’ అంటున్నారు. మా పిన్ని స్లాబ్ (ఎక్కువ కొంటే కమీషన్ పెరిగే మెట్టు) కోసమని సంఘంలో లోన్ తీసుకుని 25 వేల సరుకు కొన్నది. అది ఇంట్లో అట్లనే ఉంది. మొన్న పండక్కి వెళ్తే బాబాయి నాతో మాట్లాడలేదు. టీంను ఎలా నిలబెట్టుకోవాలి?
– పేరు వద్దు, మిర్యాలగూడ

సమాధానం: చెల్లెమ్మా, మీ ఉత్తరంలో 40 మంది అనే లెక్క ఉంది, 25 వేలు అనే లెక్క ఉంది, నెలకు ఐదుగురు అనే లెక్క కూడా ఉంది. ఆ 40 మందిలో ఒక్కొక్కరికి నెల చివర చేతిలో ఎంత మిగులుతోందో మాత్రం లేదు. మీకు తెలియక రాయలేదో, ఎవరూ అడగలేదు కాబట్టి రాయలేదో గానీ, మీ సమస్య మొత్తం అక్కడే ఉందని నాకు అనిపిస్తోంది. మోటివేషన్ సంగతి ఆ తర్వాత.

నేను చాలా ఏళ్లు మహిళా సంఘాల పుస్తకాలు రాశాను. గేదెలు కొన్నవాళ్లవి, కిరాణం పెట్టినవాళ్లవి, గాజులు అమ్మినవాళ్లవి, మీలాగా కంపెనీ సరుకు అమ్మినవాళ్లవి, అందరి లెక్కలూ చూశాను. మధ్యలో పని ఆపేసిన ఆడవాళ్లలో బద్ధకం వల్ల ఆపినవాళ్లు నాకు చాలా తక్కువగా కనిపించారు. పైసలు మిగలక ఆపినవాళ్లే ఎక్కువ. ఆ మాట బయటికి చెప్పుకోవడం నామోషీగా అనిపించి ఫోన్ ఎత్తడం మానేస్తారు.

ఎందుకు మిగలవో ఒక ఉదాహరణ చెబుతాను. ఎమ్మార్పీ 500 ఉన్న వస్తువు మీవాళ్లకు 400కు పడుతుందనుకుందాం. ఒకామె 20 తెప్పించింది. కంపెనీకి 8,000 ముందే కట్టేసింది. ఊళ్లో 20కి 20 అమ్మింది. మీరు, మీ సార్ భేష్ అన్నారు. అందులో 12 మాత్రమే నగదుకు పోయాయి, 8 ఉద్దెరకు పోయాయి. అంటే చేతికి వచ్చింది 6,000. కాగితం మీద ఆమెకు 2,000 లాభం, చేతిలో 2,000 లోటు. సరిగ్గా అప్పుడే నెలాఖరు, అంటే కంపెనీ ఆ నెల లెక్క మూసే క్లోజింగ్, వస్తుంది. ‘అక్కా, రేపు క్లోజింగ్, ఆర్డర్ పెట్టలేదేంటి?’ అని మీ నుంచి ఫోన్ వస్తుంది. ఆ ఫోన్ ఆమె ఎలా ఎత్తుతుంది చెప్పండి. ఎత్తితే లేదనాలి. లేదంటే నెగెటివ్ మనిషి అంటారు. అందుకని మోగనిస్తుంది.

మన దగ్గర ఉద్దెర అనేది చెడ్డ అలవాటు ఏమీ కాదు. పైసలు వచ్చే కాలాన్ని బట్టి నడిచే వ్యవహారం. సాగర్ ఎడమ కాలువ కింద వరి పండే ఊళ్లలో డబ్బు కనిపించేది వానాకాలం పంట అమ్మాక ఒకసారి, యాసంగి వడ్లు అమ్మాక ఏప్రిల్, మే నెలల్లో ఇంకోసారి. దేవరకొండ వైపు పత్తి అమ్మితేనే డబ్బు. వడ్లు కొనుగోలు సెంటర్‌లో పోసినా పైసలు ఖాతాలో పడేదాకా కొన్ని రోజులు చూడాలి. జూన్ వచ్చిందంటే విత్తనాలు, ఎరువులు, పిల్లల ఫీజులు, పుస్తకాలు అన్నీ ఒక్కసారే మీద పడతాయి. ఆ నెలలో 500 పెట్టి షాంపూ కొనే ఇల్లు ఎన్ని ఉంటాయి? కంపెనీకి మాత్రం పన్నెండు నెలలూ ఒకటే. ప్రతి నెలా క్లోజింగ్ ఉంటుంది, ప్రతి నెలా స్లాబ్ ఉంటుంది. ఈ రెండు లెక్కలూ కలవని చోట మీవాళ్లు తమ సొంత పైసలు పోసి పూడుస్తున్నారు. మీ పిన్ని చేసిందీ అదే.

కాబట్టి ఈ నెల కొత్తవాళ్ల కోసం తిరగకండి. ఒక పెద్ద నోటు పుస్తకం తీసుకుని 40 మంది పేర్లు రాయండి. ప్రతి పేరు ఎదురుగా ఇంట్లోకి ఎంత వాడుకున్నారు, బయటివాళ్లకు ఎంత అమ్మారు, అందులో నగదు ఎంత, ఉద్దెర ఎంత, ఇంట్లో ఇంకా ఎంత సరుకు ఉంది, ఎవరి దగ్గరన్నా అప్పు తెచ్చారా అన్నవి రాయండి. ఫోన్‌లో అడిగితే ఎవరూ నిజం చెప్పరు. ఇంటికి వెళ్లాలి, కూర్చోవాలి, ఆర్డర్ మాట ఎత్తకుండా వినాలి. ఖర్చుల్లో ఆటో, ఫోన్ రీఛార్జి, మీటింగ్ టికెట్ కూడా కలపండి. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం అయ్యాయి కదా, ఖర్చేముంది అని హైదరాబాద్ మీటింగులకు రమ్మంటారు. బస్సు ఉచితమే. పోయి వచ్చే సరికి ఒక రోజు కైకిలి పోతుంది, బయట తిండి ఖర్చు పెరుగుతుంది, రాత్రి ఇంట్లో మాట పడాలి. కూలికి పోయే ఆమెకు నెలకు రెండు మీటింగులు అంటే రెండు రోజుల కూలి. దాన్ని కూడా ఖర్చుగానే రాయండి.

ఇలా రాస్తే మీ 40 మంది మూడు రకాలుగా విడిపోతారు. చాలామందికి ఆ సబ్బో, ఆ డిటర్జెంటో నచ్చి తక్కువ ధరకు వస్తుందని ఐడీ తీసుకున్నవాళ్లు ఉంటారు. వాళ్లు అమ్మేవాళ్లు కారు, కొనేవాళ్లు. వాళ్లను టీం అనకండి, మీటింగులకు పిలవకండి, నెలకోసారి ‘ఏమన్నా కావాలా వదినా?’ అని అడిగి ఊరుకోండి. నాలుగు నెలలకోసారి కొన్నా మంచిదే. ఇంకొందరు బయటపడాలని చూస్తూ మీ ముఖం చూసి ఆగినవాళ్లు. వాళ్లను మీరే అడిగి, మంచి మాటతో వదిలెయ్యండి. చివరికి నలుగురైదుగురు మిగలవచ్చు, నిజంగా అమ్మగలిగినవాళ్లు, అమ్మాలని ఉన్నవాళ్లు. మీ టీం వాళ్లే. 40 నుంచి నాలుగుకు పడిపోయిందని బాధపడకండి, మొదటి నుంచీ ఉన్నది ఆ నలుగురే.

ఆ నలుగురికి ఏం చేయాలన్న దాంట్లోనే లీడర్ పని అంతా ఉంది. మీరు టీచర్‌గా చేశారు, బోర్డు మీద చెప్పినదానికీ పిల్ల పక్కన కూర్చుని చేయించినదానికీ తేడా మీకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. జూమ్‌లో గంట ఉపన్యాసం వినిపించే బదులు, ఆమెతో పాటు మీరు ఆమె వాడకు వెళ్లండి. మొదటి నాలుగిళ్లలో మీరు మాట్లాడండి, ఆమెను చూడనివ్వండి. తర్వాత నాలుగిళ్లలో ఆమె మాట్లాడాలి, మీరు నోరు విప్పకూడదు. బయటికి వచ్చాక ఎక్కడ తడబడిందో మెల్లగా చెప్పండి. ఇట్లా ఒకరితో నెలకు రెండు పూటలు తిరిగితే చాలు. నలుగురికి ఎనిమిది పూటలు. 40 మందికి ఇది ఎవరి వల్లా కాదు, అందుకే 40 మందిని చేర్చి వదిలేసే పద్ధతి వచ్చింది.

అమ్మే తీరులో రెండు కట్టుబాట్లు పెట్టండి. ముందు ఇంటింటి ఆర్డర్ రాసుకోవాలి, తర్వాతే సరుకు తెప్పించాలి. ఎవరూ అడగని వస్తువు ఒక్కటి కూడా ఇంటికి రాకూడదు. ఉద్దెర పూర్తిగా ఆపమని నేను చెప్పను, పల్లెలో అది కుదరదు. ఒక ఇంటికి ఒక్క వస్తువు వరకే ఉద్దెర, పాత బాకీ తీరాకే కొత్తది. ‘మా లీడరక్క ఒప్పుకోదు’ అని మీ మీద చెప్పుకోమనండి. ఆ చెడ్డపేరు మీరు మోస్తే ఆమెకు ఇరుగు పొరుగుతో గొడవ ఉండదు.

ఇంట్లోవాళ్ల సంగతి కూడా అడగండి. భర్తకు తెలియకుండా ఐడీ తీసుకున్నవాళ్లు ప్రతి టీంలో ఉంటారు. అట్లాంటి ఆమెకు ర్యాంకు వచ్చినా సుఖం ఉండదు, సరుకు కనిపించిన రోజు గొడవే. చెప్పి చేయమనండి. చెప్పలేని పరిస్థితి ఉంటే ఆపమనండి.

ఇప్పుడు మీ సార్ చెప్పే ‘నెలకు ఐదుగురు’ సంగతి. ఒకరు ఐదుగురిని, ఆ ఐదుగురిలో ఒక్కొక్కరు ఇంకో ఐదుగురిని, ఇట్లా దించుకుంటూ పోతే 5, 25, 125, 625 అవుతుంది. ఏడో మెట్టుకు అంతా కలిపి 97,655 మంది. 2011 జనాభా లెక్కల్లో మిర్యాలగూడ పట్టణంలో ఉన్నదే, చంటిపిల్లలతో సహా, లక్ష పైచిలుకు. ఆ 97,655 మందిలో ఆఖరి మెట్టు మీద ఉండేవాళ్లే 78,125 మంది. వాళ్ల కింద చేర్చడానికి ఎవరూ ఉండరు. ఏ ఊళ్లో చూసినా ఎక్కువమంది ఆఖరి మెట్టు మీదనే ఉంటారు. వాళ్లకు పైసలు వచ్చే దారి ఒక్కటే, వస్తువు అమ్మడం. అమ్మకం మీద మిగలకపోతే వాళ్లకు ఇక ఏదీ మిగలదు. మీ పిన్నీ, ఆ ఫోన్ ఎత్తని ఇద్దరూ ఈ మెట్టు మీదనే ఉన్నారు.

చట్టం కూడా ఇక్కడే గీత గీసింది. కొత్తవాళ్లను చేర్చినందుకే డబ్బు వచ్చే పథకాలను 1978లో వచ్చిన ప్రైజ్ చిట్స్, మనీ సర్క్యులేషన్ స్కీముల నిషేధ చట్టం తప్పు అంటుంది. నడిపినవాళ్లతో పాటు మనుషులను చేర్చినవాళ్లూ దాని కిందికి వస్తారు, మూడేళ్ల వరకు జైలు పడవచ్చు. సరుకు ఉంది కాబట్టి మనకేం కాదు అనుకోవడానికి లేదు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, నిజంగానే సరుకు అమ్ముతున్న ఒక పెద్ద కంపెనీ పథకం ఈ చట్టం కిందికి వస్తుందని తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత 2021 డిసెంబర్‌లో కేంద్రం వినియోగదారుల రక్షణ చట్టం కింద డైరెక్ట్ సెల్లింగ్‌కు ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది. పిరమిడ్ పథకంలోకి, అంటే కొత్తవాళ్లను చేర్చడం మీదనే పైసలు నడిచే పథకంలోకి, మనుషులను చేర్చకూడదని అందులో కంపెనీకే కాదు, అమ్మేవాళ్లకూ చెప్పింది. గుర్తింపు కార్డు లేకుండా, ముందు అడగకుండా ఒకరి ఇంటికి అమ్మకానికి వెళ్లకూడదని కూడా ఉంది. మీ నలుగురి మెడలో కార్డు ఉందో లేదో చూసుకోండి.

మీ కంపెనీ ఎటువంటిదో తేల్చుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఈ నెల కొత్త ఐడీ ఒక్కటి కూడా పడకపోతే మీ టీంలో ఎవరికైనా పైసలు వస్తాయా? మీకు వచ్చిన కమీషన్‌లో బయటివాళ్లు కొని వాడిన సరుకు వల్ల వచ్చింది ఎంత, కొత్తవాళ్ల జాయినింగ్ సరుకు వల్ల వచ్చింది ఎంత? మీ దగ్గరున్న ఆరు నెలల స్టేట్‌మెంట్లు ముందు పెట్టుకుని చూడండి. జాయినింగుల వల్లే వస్తోందని తేలితే నా సలహా మారిపోతుంది. అప్పుడు టీంను నిలబెట్టకండి, చేర్చడం ఆ రోజే ఆపేసి, మీ కిందివాళ్లకు విషయం చెప్పి బయటికి రండి. నేను పైన చెప్పిన నోటు పుస్తకం, నాలుగిళ్లు తిరగడం అవన్నీ అమ్మకం మీద నడిచే కంపెనీకే.

ఇంకొకటి, ప్రొటీన్ పౌడర్ గురించి. దేవరకొండ, మునుగోడు, మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు పట్టేసినవాళ్లు, నడుము వంగినవాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. అక్కడికి వెళ్లి ‘ఈ పౌడర్ మూడు నెలలు తాగితే మోకాళ్లు నయమవుతాయి’ అనేవాళ్లు ప్రతి కంపెనీ టీంలోనూ తయారవుతారు. షుగర్ తగ్గుతుందని, గోళీలు మానెయ్యమని చెప్పేవాళ్లూ ఉంటారు. ఫ్లోరోసిస్‌తో వంగిపోయిన ఎముకలను మళ్లీ మామూలుగా చేసే మందే లేదు, పొడి ఏం చేస్తుంది? షుగర్ లాంటి జబ్బులు నయం చేస్తామని ప్రకటించుకోవడాన్ని 1954 నాటి చట్టం నిషేధిస్తుంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, నొప్పితో ఉన్న ముసలామె పింఛను డబ్బు ఆ మాట మీద తీసుకోవడం ఎంత అన్యాయమో ఆలోచించండి. మీ టీంలో ఎవరన్నా ఒక్కసారి ఈ మాట అన్నా మీరు అక్కడికక్కడే ఆపాలి. మీ వాట్సాప్ గ్రూప్‌లో అట్లాంటి వీడియోలు ఉంటే ఇవాళే తీసెయ్యండి. తీసేటప్పుడు కార్ల ఫోటోలు, చెక్కుల ఫోటోలు, ‘ఈ నెల టాపర్లు’ పట్టికలు కూడా తీసెయ్యండి. 2,000 లోటులో ఉన్న ఆమె పొద్దున్నే లేచి వేరేవాళ్ల కారు ఫోటో చూస్తే ఆమెకు ధైర్యం రాదు, నా వల్ల కాదనే దిగులు వస్తుంది. గ్రూప్‌లో ధరలు, సరుకు వచ్చే తేదీ, ఎవరి దగ్గర ఏ వస్తువు మిగిలి ఉంది, ఇవి ఉంటే చాలు.

ఇక మీ పిన్ని సంగతి. అన్నిటికంటే ముందు చేయాల్సింది ఇదే. సంఘం లోన్ ఆమె ఒక్కదాని అప్పు కాదు. ఆమె కిస్తీ తప్పితే మిగతా సభ్యులు పడాలి, రేపు సంఘానికి వచ్చే లోన్ మీద కూడా దెబ్బ పడుతుంది. బాబాయి మాట్లాడకపోవడానికి ఊళ్లో ఆయన వింటున్న మాటలు కూడా కారణమై ఉండవచ్చు. ముందు ఆమె ఇంటికి వెళ్లి సరుకు మొత్తం బయట పెట్టించి గడువు తేదీలు చూడండి. విప్పని డబ్బాలు, బిల్లులు విడిగా పెట్టండి. అమ్ముడుపోని సరుకును తగిన షరతులతో వెనక్కి తీసుకునే ఏర్పాటు ఉండాలని, చేరడానికి ఫీజు తీసుకోకూడదని 2016లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉంది. మీ కంపెనీ ఒప్పందంలో ఎన్ని రోజుల లోపు, ఎంత కోతతో వెనక్కి తీసుకుంటారో చూసి, నోటి మాటగా కాకుండా రాతలో అడగండి. జవాబు రాకపోతే కంపెనీ ఫిర్యాదుల అధికారికి, అక్కడా కాకపోతే 1915 నంబర్‌కు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, ఫిర్యాదు చేయండి.

వెనక్కి పోని సరుకు మిగులుతుంది. ఈ రెండు మూడు నెలలు మీ నలుగురికి, మీ ఇంటికి, కొనే వదినలకు కావలసినవన్నీ పిన్ని దగ్గర నుంచే, ఆమె కొన్న ధరకే ఇప్పించండి. వచ్చిన డబ్బు నేరుగా లోన్ కిస్తీకి పోవాలి. ఇట్లా చేస్తే కంపెనీకి కొత్త ఆర్డర్ పోదు, పాయింట్లు పడవు, మీ ర్యాంకు పోతుంది. పోనివ్వండి. ఆ స్లాబ్ వల్ల పైవాళ్లకు, మీకు కూడా, ఎంతో కొంత కమీషన్ వచ్చే ఉంటుంది. మీ వాటాగా వచ్చింది ఎంతో చూసి అది కూడా ఆమె కిస్తీలో వెయ్యండి. కొత్తగా చేరే ఎవరికో ఆ సరుకు అంటగట్టే ఆలోచన మాత్రం వద్దు, అట్లా చేస్తే పిన్ని ఇంట్లోని బాధ ఇంకో ఇంటికి మారుతుంది అంతే. ఇక మీదట మీ టీంలో సంఘం లోన్, బంగారం కుదువ, వడ్డీ అప్పు పెట్టి సరుకు కొనడం లేదని అందరికీ తెలిసేలా చెప్పండి. సంఘం మీటింగులో కంపెనీ ప్లాన్ చెప్పడం కూడా వద్దు. లోన్ సంతకాల కోసం వచ్చిన ఆడవాళ్లు మొహమాటానికి ఒప్పుకుంటారు, ఆ ఒప్పుకోలు నిలవదు.

బాబాయితో మాట్లాడేటప్పుడు కంపెనీ గురించి, ప్లాన్ గురించి ఒక్క మాట కూడా వద్దు. ‘బాబాయ్, ఇంత సరుకు ఉంది, ఇంత వెనక్కి పోతుంది, ఇంత నేను అమ్మిస్తాను, లోన్ ఫలానా నెలకు తీరుతుంది’ అని కాగితం మీద రాసి ఇవ్వండి. కోపంగా రెండు మాటలు అంటే పడండి.

మీ అప్‌లైన్ సార్‌కు ఏం చెప్పాలన్నది పెద్ద విషయం కాదు. ఈ మూడు నెలలు కొత్తవాళ్లను చేర్చడం లేదు, ఉన్నవాళ్ల లెక్కలు సరిచేస్తున్నాను అని చెప్పండి. మంచి మనిషి అయితే నేనూ వస్తాను, ఆ నాలుగిళ్లకు కలిసి వెళ్దాం అంటాడు. కోప్పడితే, ఆయన మీ టీం బాగు కోసం ఎంత చూస్తున్నాడో మీకే అర్థమవుతుంది. కమీషన్ మీద టీడీఎస్ (ముందే కోసుకునే ఆదాయపు పన్ను) ఎంత పట్టారో కూడా ఆయన్నే అడిగి తెలుసుకోండి. పాన్ ఇవ్వనివాళ్లకు 20 శాతం దాకా కోస్తారు. టీంలో పాన్ లేనివాళ్లు ఉంటే ముందు అది తీయించండి.

ఆ ఫోన్ ఎత్తని ఇద్దరికీ మళ్లీ మళ్లీ చేయకండి. ఒక్క మెసేజ్ పెట్టండి: ‘అక్కా, ఆర్డర్ గురించి కాదు. మీ దగ్గర మిగిలిన సరుకు ఉంటే, రావలసిన ఉద్దెర ఉంటే చెప్పండి, ఎట్లా వసూలు చేయాలో ఇద్దరం కలిసి చూద్దాం. ఐడీ ఆపేస్తానన్నా నాకు కోపం లేదు.’ వారం దాకా చూడండి. జవాబు వచ్చినా రాకపోయినా ఆ ఊరు వెళ్లినప్పుడు ఇంటి దగ్గర ఆగి, సంచిలో కంపెనీ వస్తువు ఏదీ లేకుండా, పలకరించి రండి. కంపెనీ ఒప్పందంలో సరుకు వాపసు గురించి ఏం రాసి ఉందో, ఆరు నెలల స్టేట్‌మెంట్లలో జాయినింగుల వాటా ఎంత తేలిందో నాకు రాసి పంపండి. మిగతాది దాన్ని బట్టి చెబుతాను.